మస్టర్ లేని చోట

అమ్మీ,

నీ వాయిస్ మెసేజీ రెండుమార్లు విన్నాను. జవాబు ఫోన్లోనే చెప్పొచ్చు. కానీ నువ్వు స్పీకరు పెడతావు, పక్కన మీ నాయన కూర్చోనుంటాడు, నేను నీకు చెప్పేదానికి ఆయన జవాబిస్తాడు. అందుకే కాగితం మీద రాస్తున్నా. ఇది నీ బ్యాగులో పెట్టుకో, ఇంట్లో టీవీ పైన పెట్టొద్దు.

నువ్వు అడిగినవి మూడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటున్నారు, ఇయ్యాలా? రాత్రి పదింటికి కూడా గ్రూపులో పని చెప్తాండారు, చెయ్యాలా? పద్నాలుగు వేలకి ఇక్కడే ఉండాలా, పెనుకొండ పక్క పోవాలా? మూడింటికీ చెప్తాను. ముందు మటుకు మెసేజీ చివర్లో నువ్వన్న దాని గురించి మాట్లాడాలి. "ఇంటికాడనే పని ఇచ్చినాడు గదత్తా, ఆయనకి ఎదురెట్ల చెప్పేది" అన్నావు. నాకు గుచ్చుకునింది అదే.

మన జిల్లాలో పనికి, దయకి నడుమ గీత ఎప్పుడూ సరిగ్గా పడలేదు. పడమటి కనుమల చాటున ఉన్న మిట్టనేల మనది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన, అదీ పడాల్సిన నాడు పడదు. 1952 కరువులో గంజి కేంద్రాల ముందర చెంబు పట్టుకుని నిలబడిన సీమ ఇది. మీ జేజబ్బ కరువు పనుల్లో చెరువుకట్టకి మట్టి మోసినాడు. కొలత వేసేవాడు ఎంతంటే అంత, కూలి ఎప్పుడిస్తే అప్పుడు. ఎవురన్నా గట్టిగా అడిగితే, "పని పెట్టించినందుకు దండం పెట్టాల్సింది పోయి లెక్కలడుగుతావా" అనేవాళ్లట. ఆ దండం మన ఇంట్లో ఇంకా పోలేదు. మీ నాయన మీ ఓనరు కనిపిస్తే ఇప్పటికీ భుజం మీది టవలు తీస్తాడు. చూసినావా?

నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని దేశానికంతా మొదలుపెట్టినాడు. చాలామందికి అది ఒక పెద్ద మీటింగు, అంతే. నాకు మటుకు అందులో ముఖ్యమైనది మీటింగు కాదు. పని అడిగిన పదిహేను రోజుల్లో చూపించాలి, చూపించలేకపోతే భృతి ఇయ్యాలి, చేసిన పనికి పదిహేను రోజుల్లోపల కూలి పడాలి, పనికాడ మస్టర్, అంటే హాజరు పుస్తకం, ఉండాలి అని చట్టంలో రాసినారు. ఆ మస్టర్లు గ్రామసభలో అందరి ముందర గట్టిగా చదివే సామాజిక తనిఖీ కూడా మన రాష్ట్రంలోనే ఊపందుకునింది. కూలి ఆలస్యం కాలేదని నేననను, దొంగ మస్టర్లు లేవని అసలే అనను. కానీ వేలిముద్ర వేసే ఆడమనిషి, హాజరు రాసే మేటుని నిలబెట్టి "నాకు ఎన్ని రోజులు రాసినావో చూపీ" అని అడగడం నేను ఆ తర్వాతే చూసినాను.

ఆ ఆడవాళ్ల బిడ్డలే డిగ్రీలు చదివి టౌన్లో చిన్న కంపెనీల్లో చేరినారు. చేరి మూడు నెలలైనా "నాకు ఎన్ని రోజులు రాసినారు సార్" అని ఒక్కరూ అడగరు. అడిగితే మర్యాద కాదట.

నా మొదటి ఉద్యోగం నూనె మిల్లులో. పేరు రాయను, ఆ ఇంటివాళ్లు ఇంకా ఈ ఊర్లోనే ఉన్నారు. జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు పైన శెనక్కాయ వేసిన రోజులవి. సీజన్లో లారీలు గేటు బయట రోడ్డు దాకా నిలబడేవి. కాయ ఒలిచే మిషన్ల దుమ్ము నా లెడ్జరు మీద ఎర్రగా పేరుకునేది, రాసే ముందర ఊదుకోవాల. అక్కడ నేను నేర్చుకున్న పాఠం ఓనరు చెప్పింది కాదు, హమాలీలు చెప్పింది. వాళ్లకి బస్తాకి ఇంత అని రేటు. లారీ నుంచి దించితే ఒక రేటు, గోడౌన్లో వరసగా పేర్చి పైకి ఎక్కిస్తే ఇంకో రేటు. రేటు పెంచాల్సిన ఏడు వచ్చిందంటే, మాట తేలేదాకా ఒక్క బస్తా కిందికి దిగదు. ఓనరు అరిచేవాడు, వాళ్లు బీడీ ముట్టించుకుని నీడన కూర్చునేవాళ్లు. సాయంత్రానికి తేలిపోయేది. మరుసటి రోజు ఇద్దరూ మామూలుగా మాట్లాడుకునేవాళ్లు, నిన్న గొడవ పడినట్టే ఉండేది కాదు. వాళ్ల మేస్త్రీ గోడమీద బొగ్గుతో గీతలు గీసేవాడు. నా పుస్తకంలో లెక్కకీ ఆయన గీతలకీ తేడా వస్తే ఆయన గీతలే నెగ్గేవి.

అదే మిల్లులో బీకాం చదివిన మేం నలుగురం ఉన్నాం. మాకు రేటు లేదు. ఉగాదికి ఓనరు మనసు ఎట్లుంటే అంత పెంచేవాడు. ఎంత పెంచినాడో ఒకరికొకరం చెప్పుకోకుండా ఒట్టు వేయించుకునేవాడు. మాకు కుర్చీ ఉంది, ఫ్యాను ఉంది, "మన ఇంటి పిల్లలు" అన్న పేరుంది. హమాలీని ఎవురూ మన ఇంటి పిల్లోడు అనలేదు, అందుకే ఆయనకి రేటుండింది. రాయదుర్గంలో జీన్సు కుట్టే ఇండ్లకు పో, పీసుకి ఎంతో ఆ ఇంట్లో ఎనిమిదేండ్ల పిల్లకి కూడా నోటికొచ్చి ఉంటుంది. అది గొప్ప రేటు అని కాదు. లెక్క బయట పెట్టి మాట్లాడుకుంటారు, అంతే. చదువుకున్నోళ్లకే ఈ మొహమాటం.

మీ ఓనరు నిన్ను మన ఇంటి పిల్ల అన్నాడని మురిసిపోయినావు. అబద్ధం అనుకోవద్దు, చిన్న కంపెనీలో ఆ మాటలో నిజం కూడా ఉంటుంది. నేను ఎక్కువ కాలం చేసింది డ్రిప్పు సామాన్లు అమ్మి బిగించే ఒకాయన దగ్గర. మీ జేజి రాత్రిపూట కింద పడినప్పుడు ఆయన సొంత కారు పంపించి బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రికి చేర్పించినాడు. ఏ పెద్ద కంపెనీ హెచ్‌ఆర్ చేస్తుంది ఆ పని? మరి అదే మనిషి దగ్గర స్టోర్సు చూసే పిల్లోడు ఒకడుండేవాడు. వాని పెండ్లికి ఓనరు అడ్వాన్సు ఇచ్చినాడు, నెలకింత పట్టుకుంటానన్నాడు. కాగితం లేదు. ఎంత తీరిందో, ఎంత మిగిలిందో వానికి తెలీదు, ఓనరుకీ సరిగ్గా తెలీదు. అయిదేండ్లు వాడు జీతం పెంచమని అడగలేదు. బెంగళూరులో మంచి పని వచ్చినా పోలేదు. ఓనరు ఆపినాడా అంటే ఆపలేదు. "పోతే ఏమనుకుంటాడో" అని వాడే ఆగిపోయినాడు. సాయం తీసుకో, తీసుకుని గుర్తుపెట్టుకో. అప్పు తీసుకుంటే మటుకు ఎంత తీసుకున్నావు, నెలకెంత కోత అని ఒక చీటీ రాయించి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. చీటీ రాస్తే మనసు నొచ్చుకునే ఓనరు, చీటీ లేకపోతే నీ మనసు నొప్పిస్తాడు.

ఓనరు పక్క నుంచి కూడా చూడాలి గదా. మన దగ్గర 2003 నుంచి ఏపీఎంఐపీ అనే సూక్ష్మ సేద్యం పథకం వచ్చి చీనీ తోటలకి, దానిమ్మకి, చివరికి టమోటాకి కూడా డ్రిప్పు పరిచినారు. రైతు తన వాటా కడతాడు, మిగతాది సబ్సిడీ. సామాను ముందే పొలంలో పరిచెయ్యాలి, తర్వాత ఆఫీసరు వచ్చి చూడాలి, ఫోటో దిగాలి, ఫైలు పోవాలి, బిల్లు పడాలి. ఆ బిల్లు ఆగిందా, కింద అందరి బిల్లులూ ఆగుతాయి. కంపెనీ డీలరుకి ఆపుతుంది, ఫిట్టింగులు చేసే మీ ఓనరుకీ ఆపుతుంది, మీ ఓనరు నీకు ఆపుతాడు. నీళ్లు పైమడి నుంచి కిందిమడికి పారినట్టు ఈ ఆలస్యం పారుకుంటా వస్తుంది, నువ్వు చిట్టచివరి మడివి.

ఇంకో సంగతి నీకు తెలియనిది. చిన్న పరిశ్రమ సరుకు కొన్నవాళ్లు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలోనే ఉంది. ఆలస్యమైతే వడ్డీ కూడా అడగొచ్చు. మీ ఓనరుకి ఆ చట్టం తెలుసు. కొనే పెద్ద కంపెనీకి అది చూపిస్తే మళ్లీ ఆర్డరు రాదని నోరు మూసుకుంటాడు. నీకు ఆయనంటే ఎంత భయమో ఆయనకి ఆ కంపెనీ అంటే అంత భయం. ఇది తెలిస్తే ఆయన మీద కోపం తగ్గుతుంది. తగ్గనీ. కానీ ఆయన కష్టాన్ని అర్థం చేసుకోవడం వేరు, నీ జీతంతో మోయడం వేరు. లాభమొచ్చిన ఏడు ఆయన నీకు వాటా ఇయ్యడు గదా, నష్టమొచ్చిన నెల నీ జీతం ఎందుకు ఆగాల? నెల జీతం మరుసటి నెల ఏడో తేదీలోపల పడాలి, అది రూలు. పడకపోతే ఎనిమిదో తేదీ "సార్, జీతం ఎప్పుడు పడుతుంది" అని మెసేజీ పెట్టు. నోటితో అడగొద్దు, మెసేజీలో అడుగు. మర్యాదగా అడుగు, ప్రతి నెలా అడుగు.

ఇప్పుడు నీ కంపెనీ లెక్క చూద్దాం. పద్నాలుగు మంది ఉన్నారన్నావు. పదిమంది ఉంటే ఈఎస్ఐ కట్టాలి, జీతం 21 వేల లోపల ఉన్నోళ్లందరికీ. నీ జీతంలో నుంచి వందకి ముప్పావలా, ఓనరు పక్క నుంచి మూడుంపావు. పద్నాలుగు వేలకి నీది 105 రూపాయలు, ఆయనది 455. ఆ 105 కోతకి ఏడ్వొద్దు. నీకు జ్వరమొచ్చినా, రేపు పెండ్లయి కాన్పు వచ్చినా ఆ కార్డే దిక్కు. పీఎఫ్ ఇరవైమంది ఉంటే గానీ తప్పనిసరి కాదు, కాబట్టి మీ దాంట్లో లేదని గొడవ పెట్టుకోవద్దు. ఇక్కడొక మాయ ఉంటుంది. చిన్న కంపెనీల రిజిస్టర్లలో నేను 9 మందిని, 19 మందిని చూసినన్ని మార్లు 10 మందిని, 20 మందిని చూడలేదు. పదో మనిషి, ఇరవయ్యో మనిషి ఎప్పుడూ వేరే పేరున్న ఇంకో కంపెనీలో ఉంటాడు, కూర్చునేది మటుకు నీ పక్క కుర్చీలోనే. నీ పేరు ఏ రిజిస్టర్లో ఉందో కనుక్కో. జీతం చీటీ మీద ఏ కంపెనీ పేరుంటే నువ్వు దాని మనిషివి. జీతం చీటీయే లేకపోతే నువ్వు ఎవురి మనిషివీ కాదు.

గ్రాట్యుటీ గురించి కూడా ఇప్పుడే తెలుసుకో. పదిమంది ఉన్న చోట అయిదేండ్లు నిండితే ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన ఇయ్యాలి. నెలని 26 రోజులుగా కట్టి లెక్కేస్తారు. నీ బేసిక్కు పద్నాలుగు వేలే అయితే అయిదేండ్లకి నలభై వేలు దాటుతుంది. అందుకనే కొన్నిచోట్ల నాలుగో ఏడు చివర్లో "ఒక నెల రెస్టు తీసుకోమ్మా, మళ్లీ కొత్తగా చేరుదువు గానీ" అంటారు. రెస్టు వద్దు సార్ అను.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినాయి. వాటి మీద యూనియన్లు అంటున్న మాటల్లో నిజం చాలా ఉంది, అదంతా రాస్తే ఈ ఉత్తరం తెగదు. నీకు పనికొచ్చేవి రెండు చెప్తా: పనిలో పెట్టుకున్న ప్రతి మనిషికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇయ్యాలి. పని మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చి డబ్బు ఇయ్యాలి. ఈ లెటర్ అడిగితే "ఏందమ్మా, నా మీద నమ్మకం లేదా" అంటాడు. అది మీ ఓనరే కాదు, అందరు ఓనర్లూ అంటారు. నమ్మకం లేక కాదు సార్, బ్యాంకులో అకౌంటుకి, మా నాయన లోనుకి కావాలంటున్నారు అని చెప్పు. అబద్ధం కూడా కాదది, ఎప్పుడో ఒకప్పుడు కావాల్సిందే.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇయ్యొద్దు. చూపించు, జిరాక్సు ఇయ్యి, జిరాక్సు మీద తేదీ వేసి సంతకం పెట్టు, ఒరిజినల్ ఇంటికి తెచ్చుకో. నీ డిగ్రీని బీరువాలో పెట్టుకునే అధికారం ఏ చట్టమూ ఓనరుకి ఇయ్యలేదు. "అందరూ ఇచ్చినారు" అంటాడు. వాళ్లు ఎందుకిచ్చినారో వాళ్లని అడుగు, ఒక్కరన్నా సంతోషంగా చెప్తారేమో చూద్దాం.

రాత్రి మెసేజీల సంగతి. వారానికి 48 గంటలు అన్న లెక్క ఇప్పటికీ ఉంది, దాని పైన చేస్తే రెండింతలు కూలి. ఇది చూపించి మీ ఓనరుతో పోట్లాడమని నేననను. రాత్రి పదికి మెసేజీ వస్తే పొద్దున ఆఫీసుకు పోయినాక "చూసినాను సార్, చేస్తున్నా" అని పెట్టు. నాలుగు వారాలు ఇట్లే చేస్తే ఆయనకే అలవాటవుతుంది. ఒకటి మటుకు చూసుకో. లోడు దారిలో ఉండి ఈ-వే బిల్లు గడువు తీరిపోతుంటే రాత్రయినా లెయ్యి, పొడిగించు. లారీ ఆపితే డ్రైవరు నడిరోడ్డు మీద ఉంటాడు, ఓనరు ఇంట్లో నిద్రపోతుంటాడు. డ్రైవరు కోసం లెయ్యి. ఏది నిజంగా అర్జెంటో, ఏది ఓనరుకి నిద్రపట్టక పెట్టిందో నీకు రెండు నెలల్లో తెలిసిపోతుంది.

డబ్బుకి సంబంధించి నీకు గట్టిగా చెప్పేది ఒకటి ఉంది, దీంట్లో నేను వినను. కస్టమర్ల దగ్గర నీ ఫోన్‌పే నంబరుకి డబ్బు వేయించుకోమంటే ఒప్పుకోవద్దు. "కంపెనీ అకౌంటులో లిమిటు అయిపోయింది, ఒక్కరోజుకే" అంటారు. ఒక్కరోజుకీ వద్దు. ఆ డబ్బు నీ పేరున కనబడుతుంది, రేపు నోటీసు నీ పేరునే వస్తుంది. ఖాళీ వోచరు మీద సంతకం పెట్టొద్దు. పార్టనర్‌గా, డైరెక్టరుగా పేరు వేస్తామంటే, అది ప్రమోషన్ అని ఎంత మురిపించినా, నాకు చూపించకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. మన ఇంటి పిల్ల కాబట్టి అడుగుతున్నా అంటాడు చూడు, అప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండు. వాళ్ల సొంత ఇంటి పిల్ల పేరు ఎందుకు వేయలేదో మనసులో అడుక్కో.

బాత్రూం గురించి నువ్వు మెసేజీలో ఒక్క ముక్కలో చెప్పి దాటేసినావు. నేను దాటేయను. పక్క షాపు వాళ్లది వాడుకుంటున్నాం, అందుకే నీళ్లు తక్కువ తాగుతున్నా అన్నావు. ఏప్రిల్ వస్తాంది. 42 డిగ్రీల్లో రేకుల షెడ్డు కింద నీళ్లు తాగకుండా తొమ్మిది గంటలు కూర్చుంటే నీ కిడ్నీలు ఏమైతాయి? డ్రిప్పు ఆఫీసులో మాకూ అదే గతి. మొదట ఒకరం పోయి అడిగితే "చూద్దాం" అన్నాడు. చూద్దాం అంటే చూడను అని. తర్వాత ఆడవాళ్లం ముగ్గురం కలిసి, మధ్యాన్నం అన్నం తిన్నాక ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు పోయినాం. అరవలేదు. వెనక గోడౌన్ మూలలో ఖాళీ చోటు చూపించి, మేస్త్రీ చెప్పిన ఖర్చు చీటీ మీద రాసి చేతికిచ్చినాం. ఆ నెలలోనే కట్టించినాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ ఇబ్బంది ఆయన ఒంటికి తెలియదు, అంతే. మీలో ఆడవాళ్లు ఎంతమంది? అయిదుగురు అన్నట్టు గుర్తు. నువ్వు ఒక్కదానివే పోవద్దు. మిషన్ కాడ పనిచేసే ఆమెని ముందర పెట్టుకో. ఆమె లేకపోతే పని ఆగుతుంది, నువ్వు లేకపోతే ఫైలు ఆగుతుంది. ఓనరుకి పని ఆగితేనే వినబడుతుంది.

ఓనరు బామ్మర్ది గురించి కూడా అన్నావు, మీద మీదకి వచ్చి కంప్యూటర్ చూపిస్తానంటాడని. ఇంతవరకూ అంతే అయితే కుర్చీ జరిపి "అక్కడనుంచే చెప్పండన్నా, వినపడుతుంది" అని గట్టిగా, పక్కవాళ్లకి వినబడేటట్టు అను. ఆ ఒక్క మాటకే వెనక్కి పోయేవాళ్లు చాలామంది. పోకపోతే, పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది ఉన్న చోట ఆడమనిషి పెద్దగా ఉండే కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువమంది ఉన్న చోట అయినా, ఫిర్యాదు ఓనరు మీదే అయినా, జిల్లాలో లోకల్ కమిటీ ఉంటుంది. మీ ఆఫీసులో కమిటీ ఉందా అని అడిగితే నవ్వుతారు. నవ్వనీ. అడిగిన పిల్ల అని ఒక పేరు పడుతుంది, ఆ పేరు నిన్ను కొంతవరకు కాపాడుతుంది. ఏ రోజు ఏం జరిగిందో తేదీతో రాసి పెట్టుకో. ఈ సంగతిలో ఏది జరిగినా ముందర నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

ఇంక పెనుకొండ. మీ క్లాసు పిల్లలంతా కియా, కియా అంటున్నారు. ఎర్రమంచి కాడ ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందమైంది, 2019లో కార్లు బయటికొచ్చినాయి. శెనక్కాయ తప్ప ఇంకోటి ఎరగని ఆ నేల మీద కొరియా అక్షరాల బోర్డులు లేచినాయి. చుట్టూరా విడిభాగాల కంపెనీలు వచ్చినాయి. అక్కడ బస్సు వస్తుంది, కార్డు గీకితే టైము పడుతుంది, క్యాంటీన్లో అన్నం దొరుకుతుంది, జీతం చీటీ ఫోన్లో వస్తుంది. నేను చెప్పిన మస్టర్ అక్కడ ఉంది. కానీ మీ ఈడు పిల్లల్లో చాలామంది కంపెనీ మనుషులు కాదు, కాంట్రాక్టరు మనుషులు. లైను తగ్గిస్తే మొదట వాళ్లే ఇంటికొస్తారు. రోజంతా ఒక బోల్టు బిగించిన పిల్లోడికి, రెండేండ్ల తర్వాత కూడా ఆ బోల్టే తెలుసు. మీ చిన్నాయన కొడుకుని అడుగు, వాడు దాచడు. అట్లని పోవద్దని కాదు. పోయేటప్పుడు ఏం పట్టుకుని పోతావు అన్నది చూసుకో.

చిన్న కంపెనీలో మంచి అంటూ ఏమన్నా ఉంటే అది ఇదే. అక్కడ గోడలుండవు. ఆర్డరు ఎట్లా వస్తుంది, కొటేషన్ ఎట్లా వేస్తారు, ప్లాస్టిక్ గుళికలు యాడనుంచి ఏ రేటుకి వస్తాయి, బ్యాంకు వాడు స్టాకు చూడ్డానికి వస్తే ఓనరు మొహం ఎందుకు మారుతుంది, జీఎస్టీ రిటర్ను ఏ తేదీకి పోవాలి, ఇవన్నీ నీ కుర్చీలో నుంచే కనబడతాయి. పెద్ద కంపెనీలో వీటికి అయిదు డిపార్టుమెంట్లుంటాయి, నువ్వు ఒక్కదాని గుమ్మం కూడా దాటలేవు. అందుకని "నా పని కాదు" అని నేర్చుకోవడం మానొద్దు. "నా పని కాదు" అని చెయ్యడం మానాల్సినవి వేరే ఉన్నాయి. ఓనరు ఇంటి కరెంటు బిల్లు, వాళ్ల బిడ్డ స్కూలు ప్రాజెక్టు, వాళ్లావిడకి బ్యూటీపార్లర్ అపాయింట్‌మెంటు. మొదటిమారు నవ్వుతా చెయ్యి, రెండోమారు ఆలస్యంగా చెయ్యి, మూడోమారు వాళ్లే అడగరు.

మీ ఓనరు అరుస్తాడు అన్నావు. అరవడాన్ని బట్టి మనిషిని తూచొద్దు. ఎవురి మీద అరుస్తాడో చూడు. పార్టీ మీద, బ్యాంకు మేనేజరు మీద కూడా అరిచేవాడు అయితే అది ఆయన గొంతు, పోనీ. వాళ్లముందర వినయంగా ఉండి నీ దగ్గర, టీ తెచ్చే పిల్లోడి దగ్గర మాత్రమే గొంతు లేచేవాడయితే ఎక్కువ కాలం ఉండొద్దు. ఆ టీ పిల్లోడితో ఆయన ఎట్లా మాట్లాడతాడో నాకు రాయి. మిగతావన్నీ నేను దాన్ని బట్టి చెప్తాను.

జీతం ఇప్పుడే పెంచమని అడగొద్దు. ఆరునెలలు నిండనీ. ఆ లోపల ఒక నోటుబుక్కు పెట్టుకో: వచ్చిన టైము, పోయిన టైము, ఆదివారం పోయిన రోజులు, నువ్వొక్కదానివే చేసిన పనులు. ఇది ఎవురికీ చూపించడానికి కాదు, మేటుని అడగడానికి లేనప్పుడు మన మస్టర్ మనమే రాసుకోవాలి గదా. పెద్ద బిల్లు ఏదన్నా పడిన వారం చూసుకుని అడుగు. ఓనరు నవ్వుతున్న రోజు అడగాలని కాదు, డబ్బున్న రోజు అడగాలి. ఎంత కావాలో అంకె చెప్పు. "మీ ఇష్టం సార్" అనొద్దు, ఆయన ఇష్టం ఎంతో మనకి తెలుసు.

మీ నాయనకి ఇవేమీ చెప్పొద్దు. ఆయన భయం ఆయనది. పిల్ల ఉద్యోగం పోతే మళ్లీ బెంగళూరు బస్సెక్కించాలని ఆయనకి దిగులు. ఆయన సెంట్రింగు పనికి బస్సెక్కినప్పుడు నువ్వు చంటిబిడ్డవి, ఆ కాలం ఆయన మాట్లాడడు. నేను నెమ్మదిగా చెప్పుకుంటాను.

ఆదివారం ధర్మవరం ప్యాసింజరుకి రా. మీ ఓనరు సంతకం పెట్టమన్న ఆ రెండేండ్ల బాండు కాగితం ఫోటో కాదు, కాగితమే తీసుకురా, వెనకపక్క కూడా చదవాలి. అది చదివేదాకా "మా అత్త చూస్తానంటాంది సార్" అని చెప్పి ఆపు. అత్త ఎవురని అడిగితే డ్రిప్పు ఆఫీసులో లెక్కలు రాసినామె అని చెప్పు, ఆయనకి నేను తెలుసు.

నీ మేనత్త